గోధుమ పడనివారి భోజనము: నవాగామ్ తెలుగు కుటుంబములను ఉద్దేశించిన ప్రసంగము



గుజరాతీ భాషలో నవాగామ్ అనగా క్రొత్త ఊరు. సూరత్ నగరమున ఉధ్నాకు ఆవల, డిండోలీని ఆనుకొని యున్న ఈ పేట తన పేరునకు తగినదే. మరమగ్గములలో పని దొరకునని విని, పొట్ట చేతబట్టుకొని పలు రాష్ట్రముల నుండి వచ్చినవారితో సూరత్ శివారు పేటలు నిండినవి. తెలంగాణ జిల్లాల నుండి వలసవచ్చిన పద్మశాలి కుటుంబములు వారిలో ముఖ్యమైనవి. సూరత్ నగరపాలక సంస్థ యితర భాషలతోపాటు తెలుగు మాధ్యమమున గూడ పాఠశాలలు నడుపుచున్నదనిన, అచ్చటి తెలుగువారు ఏపాటి సంఖ్యలో నున్నారో ఊహించుకొనవచ్చును.

వలసవచ్చిన మనుష్యుడు పరభాష నేర్చుకొనును, పరుల పండుగలలో పాల్గొనును. ఇవి యన్నియు తెలిసి చేయుపనులు. తెలియకుండగనే మారునది కంచములోని ధాన్యము. చవుకధరల దుకాణమున బియ్యముతోపాటు గోధుమలు వచ్చును. తెల్లవారి మగ్గమునకు పోవువాని డబ్బాలో అన్నమునకు బదులు రొట్టెలు చేరును. టీతో ఖారీ బిస్కట్టు, పండుగకు నాన్‌ఖటాయి, బడిపిల్లలకు థేప్లా అలవాటగును. ఢిల్లీకో, అహమ్మదాబాదుకో బదిలీపై పోవు కేంద్ర ప్రభుత్వోద్యోగి యింటిలోను జరుగునది యిదియే. నూటికి తొంబదితొమ్మిది మందికి దీనివలన కీడు లేదు; గోధుమ మంచి ధాన్యమే. మిగిలిన ఒక్కరి విషయమే ఈ ప్రసంగమునకు వస్తువు.

చెప్పదలచిన మాట మొదటనే చెప్పుట మేలు. గోధుమ పడని దేహమునకు ఔషధము మందులకొట్టులో లేదు, తెలుగు వంటింటిలో కలదు. అయితే వైద్యపరీక్ష పూర్తి కాకమునుపు ఆ వంటింటిని మార్చరాదు. ఈ రెండు వాక్యములలో మొదటిది మాత్రమే విని రెండవదానిని మరచినవారు నష్టపోవుచున్నారు.

ముందుగా గ్లూటెన్ అనగా నేమో తెలిసికొనవలెను. గోధుమపిండిని ముద్దగా కలిపి, ఆ ముద్దను నీటిలో పిసుకుచు కడిగినయెడల తెల్లని గంజిపదార్థము నీటితో పోవును. చేతిలో రబ్బరువలె సాగు బూడిదరంగు జిగురు మిగులును. ఆ మాంసకృత్తుయే గ్లూటెన్. చపాతీ చిరుగక సాగుటకు, రొట్టె పొంగుటకు కారణమదియే. గోధుమ, బార్లీ, రై అను మూడు ధాన్యములలో ఈ జాతి మాంసకృత్తులు కలవు. వరి, జొన్న, సజ్జ, రాగి, కొఱ్ఱ, మొక్కజొన్నలలో లేవు. జొన్నరొట్టెను చేతితో తట్టవలసి వచ్చుటయు, చపాతీవలె కఱ్ఱతో సులువుగా ఒత్తరాకుండుటయు ఇందువలననే. తెలుగు గృహిణికి చేతివేళ్లతో తెలిసిన సంగతికి శాస్త్రము చెప్పు పేరిది.

జనులు గ్లూటెన్ అలర్జీ యని యొకేపేరుతో పిలుచునవి నిజమునకు మూడు వేర్వేరు స్థితులు. మొదటిది అసలైన గోధుమ అలర్జీ. తిన్న కొద్ది నిమిషములలోనో, ఒకటిరెండు గంటలలోనో దద్దురులు లేచుట, పెదవులు వాచుట, వాంతి, ఊపిరి అందకపోవుట దీని గుర్తులు. ఊపిరి అందనప్పుడు క్షణమైనను జాగు చేయక ఆసుపత్రికి చేర్చవలెను. రెండవది సీలియాక్ వ్యాధి. ఇది అలర్జీ కాదు. దేహమును కాపాడవలసిన రోగనిరోధకశక్తి, గ్లూటెన్‌ను చూచి రేగి, తన చిన్నప్రేవునే గాయపరచుట. మూడవది, ఈ రెండును లేకయే గోధుమ తిన్నప్పుడు కడుపుబ్బరము, నొప్పి, అలసట కలుగుట. మొదటి రెండును పరీక్షలలో కనబడవని నిర్ధారించిన తరువాతనే ఈ మూడవదానిని అనుమానింపవలెను. మూడింటిలోను జీవితాంతము కఠినమైన నియమము అవసరమగునది సీలియాక్ వ్యాధికే.

చిన్నప్రేవు లోపలి గోడపై ఆంత్రచూషకములను సన్నని వ్రేళ్లవంటి నిర్మాణములు కలవు. తిన్న ఆహారములోని సారమును రక్తమునకు అందించునవి యవియే. సీలియాక్ వ్యాధిలో అవి అరిగి చదునగును. అప్పుడు తల్లి ఎంత పెట్టినను బిడ్డ దేహమునకు పట్టదు. కడుపు ముందుకు వచ్చును, కాలుసేతులు సన్నబడును, విరేచనములు ఆగవు, ఎత్తు పెరుగదు. పెద్దవారిలో రోగము ఇంత బహిరంగముగ నుండదు. ఎన్ని ఇనుపబిళ్లలు మ్రింగినను తగ్గని రక్తహీనత, నోటిలో మాటిమాటికి పుండ్లు, ఎముకల బలహీనత, కొందరు స్త్రీలకు సంతానము కలుగకపోవుట లేదా గర్భము నిలువకపోవుట మాత్రమే కనబడవచ్చును. అందువలన పిల్లవానికి నులిపురుగులని, ఆడపిల్లకు ఒంటిలో రక్తము లేదని, యువకునికి ప్రేవులలో క్షయ యని తలచి ఏండ్ల తరబడి వేరు చికిత్సలు చేయుట సంభవించుచున్నది.

ఈ వ్యాధికి పురాతన చరిత్ర కలదు. క్రీస్తుశకారంభ శతాబ్దులలోనే కప్పడోసియా దేశపు గ్రీకు వైద్యుడు అరెటేయస్ దీర్ఘకాలపు ప్రేవుల రోగమొకదానిని వర్ణించెను. 1888లో లండను వైద్యుడు సామ్యూల్ గీ దానిని స్పష్టముగ విశదీకరించి, రోగికి నయమగుటయన్నది కలిగినచో ఆహారమువలననే కలుగవలెనని అభిప్రాయపడెను. ఏ ఆహారమువలననో ఆయనకు తెలియలేదు. ఆ ముడి విప్పినవాడు హాలెండు శిశువైద్యుడు విల్లెమ్ డికే. గోధుమ మాన్పించిన పిల్లలు కోలుకొనుట ఆయన 1930 దశకముననే గమనించియుండెను. 1944-45 శీతకాలమున, యుద్ధకారణముగా హాలెండులో రొట్టె దొరకక జనులు కరవుపాలైరి. ఆ కరవులోనే ఈ రోగపు పిల్లలు తేరుకొనిరి; రొట్టె తిరిగి వచ్చిన పిమ్మట వారి రోగమును తిరిగి వచ్చెను. 1950లో డికే తన సిద్ధాంతగ్రంథమున ఈ సంగతిని నిరూపించెను. లోకమంతటికి ఆకలి తెచ్చిన కరవు కొందరు పిల్లలకు ఆరోగ్యము తెచ్చుట వైద్యచరిత్రలో మరువరాని ఘటన. భారతదేశమున ఉత్తరాది బాలలలో ఈ వ్యాధిని గూర్చి వాలియా మొదలగు వైద్యులు 1966లో ప్రకటించిరి.

ఇక తెలుగువారికి ఇది యెందులకు పట్టవలెనను ప్రశ్న రావచ్చును. ఇది గోధుమ దేశపు రోగమని, వరియన్నము తినువారికి రాదని చాలకాలము భావింపబడినది. దేశమున ఉత్తర, ఈశాన్య, దక్షిణ ప్రాంతములలో ఇరువదిమూడు వేలకు పైగా పెద్దలను పరీక్షించి 2016లో ప్రకటించిన పరిశోధన ఈ భావనకు క్రొత్త అర్థము కల్పించినది. ఉత్తరమున నూటికి సుమారు ఒకరికి సీలియాక్ వ్యాధి కనబడగా, దక్షిణమున పదివేలకు సుమారు ఒకరికి మాత్రమే కనబడినది. కాని ఈ రోగమునకు ఆస్కారమిచ్చు జన్యువులు ఉత్తరమున నూటికి సుమారు 38 మందిలోను, దక్షిణమున 36 మందిలోను కలవు. అనగా రెండు చోట్లను విత్తనము దాదాపు సమానమే. భేదమంతయు కంచములో కనబడినది. ఉత్తరాదివారు దినమునకు సగటున 455 గ్రాముల గోధుమ తినుచుండగా, దక్షిణాదివారు 25 గ్రాములు మాత్రమే తినుచుండిరి.

ఈ అంకెలను చూచి భయపడరాదు. జన్యువు కలవారిలో అత్యధికులకు జీవితమంతయు గోధుమ తిన్నను రోగము రాదు. గోధుమ పరిమాణ మొక్కటియే దీనికి కారణమని తేల్చి చెప్పుటయు తొందరపాటగును. అయినను ఒక సంగతి స్పష్టము. కరీంనగరులోనో, వరంగల్లులోనో తాతముత్తాతలకు ఎన్నడును లేని రోగమని చెప్పి, నవాగాములో పుట్టి పెరిగిన మనుమని విషయమున వైద్యుని అనుమానమును త్రోసిపుచ్చుటకు వీలులేదు. తాత తిన్నది జొన్నగటక, వరియన్నము; మనుమడు తినుచున్నది గోధుమరొట్టె. మా వంశమున లేదను మాట రోగము లేదనుటకు సాక్ష్యము కాదు. బయటపడు అవకాశము రాలేదనుటకు మాత్రమే సాక్ష్యము కావచ్చును.

పరీక్ష విషయమున మూడు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదట చేయవలసినది రక్తపరీక్ష. టిష్యూ ట్రాన్స్‌గ్లుటమినేజ్ అను పదార్థమునకు వ్యతిరేకముగ దేహము తయారుచేయు ప్రతిరక్షకములను ఈ పరీక్షలో కొలుతురు. అందు అనుమానము బలపడినచో ఎండోస్కోపీ ద్వారా చిన్నప్రేవునుండి చిన్నముక్కలు తీసి సూక్ష్మదర్శినితో చూతురు. రెండవ సంగతి మిక్కిలి ముఖ్యమైనది. ఈ పరీక్షలు జరుగునంతవరకు రోగి గోధుమ తినుచునే యుండవలెను. ఎవరో చెప్పిరని ముందే గోధుమ మానివేసినచో ప్రతిరక్షకములు తగ్గిపోవును, ప్రేవుగోడ మానుట ప్రారంభమగును, రోగమున్నను పరీక్షలో కనబడకపోవును. అప్పుడు జీవితాంతము నియమము పాటింపవలసినవాడు రోగము లేదనుకొని తిరిగి రొట్టె తినుటకు ఆరంభించును. అయితే ఇంతకుముందు చెప్పిన తక్షణ అలర్జీ కలవారికి ఈ మాట వర్తింపదు. వారు వెంటనే గోధుమ మాని వైద్యుని చూడవలెను. మూడవది, ఇంటిలో ఒకరికి సీలియాక్ వ్యాధి తేలినయెడల తలిదండ్రులను, తోబుట్టువులను, బిడ్డలను గూడ పరీక్షింపవలెను. అట్టి దగ్గరి రక్తసంబంధీకులలో నూటికి ఏడెనిమిది మందికి ఈ వ్యాధి యుండుట వివిధ దేశముల పరిశోధనలను కలిపి చూచినప్పుడు తేలినది. మొదటి తరగతి మధుమేహము, థైరాయిడ్ వ్యాధి కలవారును వైద్యునితో ఈ విషయము ప్రస్తావించుట మంచిది. సూరత్‌లో స్మీమెర్ ఆసుపత్రియు, మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్ ఆసుపత్రియు సామాన్యులకు అందుబాటులోనున్న పెద్ద వైద్యాలయములు.

రోగము నిర్ధారణమైన పిమ్మట చికిత్స ఒక్కటే: గ్లూటెన్ లేని భోజనము, జీవితాంతము. ఇంతవరకు దీనికి బదులుగా వాడదగిన మందు లేదు. నియమము పాటించిన పిల్లలు కొన్ని వారములలోనే తేరుకొనుట కన్నులార చూడవచ్చును. ప్రేవుగోడ పూర్తిగ మానుటకు మాత్రము నెలలు, పెద్దవారికి ఒక్కొక్కప్పుడు ఏండ్లు పట్టును.

ఇచ్చటనే తెలుగువాని అదృష్టము కనబడును. ఐరోపావాసి రొట్టె మానవలసివచ్చినచో అతని భోజనమంతయు తలక్రిందులగును. విలువైన ప్రత్యేక పిండులు కొనవలసివచ్చును. తెలుగు గృహిణి మాత్రము అమ్మమ్మ వంటను జ్ఞాపకము చేసికొనిన చాలును. అన్నము, పప్పు, పెసరట్టు, బియ్యపుపిండి సర్వపిండి, సంక్రాంతి సకినాలు, జొన్నరొట్టె, అంబలి, రాగిసంకటి, సజ్జరొట్టె అన్నియు స్వభావముచేత గ్లూటెన్ లేనివే. గుజరాతునందు సైతము ఇట్టి ఆహారమునకు కొదువలేదు. సజ్జ రోట్లో, జొన్న రోట్లో అచ్చటి పల్లెల భోజనము. డాంగ్ కొండలలో రాగిని నాగ్లీ యందురు. చలికాలమున సూరతీలు ప్రీతితో తిను పొంక్ మరేమియు కాదు, లేతజొన్న కంకులను నిప్పులపై కాల్చి రాల్చిన గింజలు. తెలంగాణ రైతు ఎరిగిన ఊచబియ్యమే. ఖమణ్, లోచో శనగతో చేయునవి. ఐక్యరాజ్యసమితి భారతదేశపు ప్రతిపాదనపై 2023ను చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఆ ధాన్యములపై పరిశోధనలు చేయు జాతీయ సంస్థ హైదరాబాదులోనే యున్నది. బీదల ధాన్యమని చిన్నచూపు చూడబడిన జొన్న నేడు ఈ రోగికి ప్రాణదాత.

విడువవలసినవానిలో చపాతీ, పూరీ, భాఖ్రీ, ఖాఖ్రా, సుఖడీ మొదలగునవి అందరికిని తెలిసినవే. మైదా, బొంబాయిరవ్వ, సేమ్యా గోధుమ సంతానమేనని కొందరికి తోచదు. రొట్టె మాన్పించి ఉప్మా పెట్టు తల్లులు కలరు! భక్ష్యములు, గరిజలు, రవ్వదోసె, సేమ్యాపాయసము, మైసూరుబజ్జీ అన్నియు ఈ కోవలోనివే. బార్లీ గంజియు, బార్లీతో చేసిన మాల్ట్ పానీయములును పనికిరావు. రాగిమాల్ట్ ఇంటిలో వట్టి రాగులతో చేసినదైన మంచిది. డబ్బాలో వచ్చునదైన పైచీటీ చదువవలెను.

దాగియున్న గోధుమ ఇంకను అపాయకరము. సూరతీ ఉంధియులో వేయు మెంతికూర ముఠియాలలో శనగపిండితోపాటు గోధుమపిండి కలుపుట వాడుక. శరత్పూర్ణిమ మరునాడు ఊరంతయు తిను ఘారీ పైపొర మైదా. ఖమణ్‌లో కొందరు రవ్వ కలుపుదురు. వీటన్నింటికంటె గుప్తమైనది ఇంగువ. అంగడిలో దొరకు ఇంగువ పొడి శుద్ధమైన ఇంగువ కాదు; జిగురుతోను, పిండితోను కలిపి చేసినది. ఆ పిండి తరచు గోధుమ లేక మైదాయే. అనగా బియ్యముతో చేసిన పులిహోర సైతము చిటికెడు ఇంగువతో పనికిరానిది కావచ్చును. బియ్యపుపిండి కలిపిన ఇంగువయు దొరకుచున్నది, అడిగి తీసికొనవలెను.

ఇంత చిన్న విషయమునకు ఇంత పట్టింపా యని పెద్దవారు విసుగుకొనుట సహజము. ఒక చపాతీలో సుమారు రెండున్నర గ్రాముల గ్లూటెన్ ఉండును. దినమునకు 50 మిల్లీగ్రాములు, అనగా ఆ చపాతీలో యాభైయవ వంతు, మూడు నెలలు లోనికి పోయినచో ప్రేవుగోడ దెబ్బతినుట 2007లో ప్రకటించిన పరిశోధనలో తేలినది. కాబట్టి కొంచెమైన నేమగునను మాట ఈ రోగమున చెల్లదు. పైకి నొప్పి కలుగలేదు గనుక హాని జరుగలేదనుటయు చెల్లదు.

అందుచేత వంటింటి క్రమము మార్చవలెను. ప్రధానమైనది పిండిగిర్ని. గోధుమ విసరిన ఘంటీలోనే జొన్నలు పోసినచో రాళ్లమధ్య మిగిలిన గోధుమపిండి జొన్నపిండిలో చేరును. ఇంటిలో వాడుకొను చిన్న ఘర్‌ఘంటీ గుజరాతున సాధారణమే. పది కుటుంబములు కలిసి ఒకదానిని జొన్న, బియ్యము, రాగులకు మాత్రమే కేటాయించుకొనినచో ఖర్చు భారము కాదు. రొట్టెపెనము, పిండి కలుపు పళ్లెము, జల్లెడ వేరుగ నుండవలెను. పూరీలు వేచిన నూనెలో అప్పడములు వేపరాదు. ఒకే గదిలో కాపురమున్నవారు రోగివంటను ముందు వండి, మూతపెట్టి, పైయరలో నుంచుట చాలును.

కొనుగోలులో చట్టము కొంత సాయము చేయుచున్నది. గ్లూటెన్ రహితమని పైచీటీపై వ్రాయవలెనన్న, కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదని ఆహార భద్రతా ప్రమాణముల సంస్థ నిబంధన. కట్టిన పొట్లములో గోధుమ, బార్లీ వంటివి కలిసినచో ఆ సంగతి ప్రకటింపవలెను. చదువనేర్చిన పిల్లవానికి ఈ చీటీ చదువుట నేర్పినయెడల సగము రక్షణ అతని చేతిలోనే యుండును.

చివరకు మిగులునది సంఘవిషయము. సత్యనారాయణ వ్రతమున గోధుమరవ్వ ప్రసాదము పెట్టుట తెలుగువారి ఆచారము. ప్రసాదము కాదనుట అపచారమని భయపడి తిను బాలిక మరునాడు కడుపునొప్పితో బడి మానును. ఆ యింటి యజమాని ముందుగనే యొక అరటిపండు నైవేద్యము చేసి ఆమె చేతిలో పెట్టినచో దేవునికి లోపము రాదు, బాలికకు చిన్నతనము రాదు. రొట్టె తినదను కారణమున ఆడపిల్ల పెండ్లి చెడునని రోగమును దాచు తలిదండ్రులును ఉందురు. దాచిన రోగము అత్తవారింటి మొదటి భోజనముతోనే తిరుగబెట్టును. గర్భముతోనున్నప్పుడు రెండు ప్రాణములకు ముప్పు తెచ్చును. గోధుమ మానిన ఆ యువతి ఇతరులవలెనే ఆరోగ్యముతో సంసారము నడుపగలదని చెప్పుట ఎంతో సులువు, ఎంతో గౌరవప్రదము. ఈ విషయమున ఇరుగుపొరుగుల నోరు కట్టించుట తెలుగు సంఘముల బాధ్యత.

సాంస్కృతిక సంఘములు భాషను, పాటను, పండుగను కాపాడుటకు ఏర్పడినవి. వంటయు సంస్కృతిలో భాగమే. వార్షికోత్సవపు విందులో ఒక మూల బల్లపై, ఇంగువ వేయని పప్పు, అన్నము, జొన్నరొట్టె వేరు గరిటెలతో నుంచి, పైన తెలుగులోను గుజరాతీలోను గోధుమ లేనివని వ్రాసి పెట్టుటకు పెద్ద నిధులు అక్కరలేదు. ఆ బల్ల దగ్గరకు వచ్చు బాలుడు ఒక్కడే కావచ్చును. అతడును అందరితోపాటు పంక్తిలో కూర్చుండి, ఎవరిని ఏమియు అడుగనవసరము లేక, కడుపునిండ భోజనము చేయును.